కుడి వైపు అద్దం

ఏప్రిల్ 24, మంగళవారం

ఇరవై రెండేళ్లుగా ఈ పుస్తకం ట్రక్కు అరలోనే ఉంటోంది. ఇందులో టైర్ల గాలి, మైళ్లు, వాన, గాలి తప్ప నేనేమీ రాయలేదు. ఇవాళ ఇంకో సంగతి రాయాల్సి వస్తోంది. ఎవరితోనూ చెప్పలేను, చెప్పకుండా ఉండనూ లేను.

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. నా బూట్లకున్న వయసు కూడా అతనికి లేదు. ఏదో డబ్బాలో తల పెట్టించి, చుక్క మెరిసినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నొక్కాను. నొక్కాల్సినవి సగం నొక్కలేదట. తలలో ఎక్కడో చిన్న రక్తనాళం ఎప్పుడో మూసుకుపోయిందట, నాకు తెలియకుండానే. రెండు కళ్లకూ కుడి పక్క చూపు పోయిందన్నాడు.

"స్ట్రౌడ్ గారూ, సెప్టెంబర్లో మళ్లీ చూద్దాం. అప్పటిదాకా కారు వద్దు. ట్రైలర్ లాగడం అసలే వద్దు."

"తల తిప్పి చూస్తే కనబడుతోంది కదండీ."

"తిప్పాలని మీకు గుర్తుండాలి కదా."

ఇంటికొచ్చాక మా ఆవిడ ఆర్లిస్ అడిగితే అంతా బాగానే ఉందన్నాడని చెప్పాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. "సరే, బాగుంటే బాగానే ఉంది" అంది. తల ఎత్తలేదు.

ట్రక్కు వెనక తగిలించుకెళ్లే మా చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్‌ని ఆర్లిస్ లాగదు. నేను లాగకపోతే దాన్ని అమ్మేయాలి. అమ్మేస్తే మాకిక బర్చ్ స్ప్రింగ్ క్యాంపు లేదు, అక్కడ చెరువు దగ్గర పద్నాలుగో నంబరు చోటు లేదు, జూన్ నెలే లేదు. కాబట్టి ఈ మాట ఈ పుస్తకం దాటదు.

ఏప్రిల్ 26

తల తిప్పి చూస్తే అంతా కనబడుతోంది.

మే 3, గురువారం

నిన్న బుధవారం, మామూలుగానే ఊళ్లో కాఫీకి వెళ్లి పన్నెండింటికి వచ్చాను. ధాన్యం గిడ్డంగిలో నాతో పనిచేసిన ముసలాళ్లందరం బుధవారం పొద్దున అక్కడే కూర్చుంటాం. వాళ్ల కారులోనే వెళ్లి వస్తున్నాను.

ఇవాళ ట్రక్కు ఎక్కితే మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి. ఎవరో సీటు ముందుకు జరిపారు. అద్దాలు కూడా కిందికి వంచారు. ఇరుసుల్లో గ్రీజు పెట్టించడానికి పోయిన వారం ట్రక్కునీ ట్రైలర్‌నీ ఊళ్లో మెకానిక్ షెడ్డులో వదిలాను. అక్కడ పొట్టివాడెవడో నడిపి ఉంటాడు. తీసినదాన్ని మళ్లీ ఉన్నచోట పెట్టడం ఈ కాలం వాళ్లకి రాదు.

సీటు వెనక్కి జరుపుకున్నాను. ట్రైలర్ టైర్లు చూశాను. గాలి అరవై ఐదు. టైరు మీద గాడులు బాగానే ఉన్నాయి గానీ తయారై ఆరేళ్లు అయింది, ఒకటి పక్కన సన్నగా పగిలింది. ట్రైలర్ టైరు అరిగి పోదు, నిలబడి నిలబడి ఎండలో పోతుంది. ఈ మాట ఎంతమందికి చెప్పినా నవ్వి ఊరుకుంటారు. నాలుగూ మార్పించాలి.

మే 10

ట్రైలర్ వెనక కుడి దీపం అద్దం పగిలింది. మళ్లీ ఆ షెడ్డువాళ్లే. ఇంటికి తెచ్చిన రోజు నేనెలా చూడలేదో అర్థం కావడం లేదు.

ఆర్లిస్‌తో అంటే, "పోనీలే, దీపమే కదా. వాళ్లనేం అడక్కు" అంది. ఎప్పుడూ నాకంటే ముందు ఫోను తీసి కడిగేసే మనిషి.

మే 17

మళ్లీ సీటు ముందుకి జరిగింది. ఈసారి షెడ్డుకి ఇవ్వలేదు. సీటు కింద పళ్లు అరిగిపోయి దానంతటదే జారుతోందేమో. నూనె వేశాను.

రాసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆర్లిస్ ట్రైలర్ లాగదని మొదటి రోజు రాశాను. ఎందుకు లాగదో రాయలేదు.

1999 ఆగస్టు. బర్చ్ స్ప్రింగ్‌లోనే. ట్రైలర్‌ని వెనక్కి నడపడం నేర్పమంది. స్టీరింగు కింది అంచున చెయ్యి పెట్టుకో, ట్రైలర్ తోక ఎటు పోవాలో చేతిని అటు తిప్పు, అంతేనన్నాను. అంతే కాదని నాకూ తెలుసు. మూడోసారి అది మడతపడి ట్రక్కుకి అడ్డం తిరిగింది. నేను కిందనుంచి అరిచాను. క్యాంపంతా కుర్చీలు తిప్పుకొని చూస్తోంది. అరిచిన మాట కూడా గుర్తుంది, రాయను. ఆర్లిస్ ఇంజను ఆపి, చేతి తొడుగులు తీసి ట్రక్కు ముందు భాగం మీద పెట్టి, చెరువు చుట్టూ నడవడానికి వెళ్లిపోయింది. చీకటి పడే ముందు వచ్చి గుడ్లు వేయించింది. ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

అప్పటినుంచి ఈ పుస్తకంలో ప్రతి ప్రయాణానికీ రెండు వరసలు ఒకేలా ఉంటాయి, ఎవరు నడిపారు, వెనక్కి పెట్టేటప్పుడు ఎవరు నిలబడి సైగ చేశారు అని. బండి నడిపింది: నేను. వెనక నిలబడింది: ఆర్లిస్.

జూన్ 3, ఆదివారం

సామాన్లు ఎక్కించాం. బరువంతా ఇరుసుకి ముందు. డబ్బాలు, పనిముట్లు, ఇనప పెనం, అన్నీ ముందు సగంలో. వెనక బరువైతే రోడ్డు మీద తోక ఊగడం మొదలుపెడుతుంది, మొదలైతే ఆపడం మన చేతిలో ఉండదు. ఊగినప్పుడు కాలితో బ్రేకు తొక్కకూడదు. ట్రైలర్ బ్రేకు ఒక్కటే చేత్తో మెల్లగా పట్టాలి. నేనిది ఆర్లిస్‌కి ఎన్నడూ చెప్పలేదు.

ఆవిడ మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ ఉన్నట్టుండి అడిగింది.

"తోక ఊగితే ఏం చెయ్యాలి వెర్లిన్?"

"ఎందుకు?"

"ఊరికే. నీకు గుండెపోటొస్తే నేనేం చెయ్యాలో తెలియాలి కదా."

"నాకేం గుండెపోటు రాదు."

"రాకపోతే మరీ మంచిది. చెప్పు."

చెప్పాను. చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత పట్టాలో మళ్లీ మళ్లీ అడిగింది. ఇంత శ్రద్ధ ఎందుకో అనుకున్నాను గానీ, ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషిని.

జూన్ 5, మంగళవారం

బయలుదేరాం. ట్రక్కు వెనకున్న ఇనప బంతి మీద ట్రైలర్ కొక్కెం కూర్చుంది, మేకు పడింది, గొలుసులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి, దీపాల తీగ, మెట్టు లోపలికి, చక్రాల అడ్డు చెక్కలు చివర్న తీశాను. యాభై మైళ్లకి ఆగి చక్రాల బోల్టులు బిగించాను. కొత్త టైర్లు కదా.

దారిలో పెట్రోలు బంకులో కుడికి తిరుగుతుంటే ట్రైలర్ వెనక చక్రం గట్టు ఎక్కి చెత్తడబ్బా పడగొట్టింది. పొడుగు బండి మలుపులో లోపలికి కోసుకుంటూ పోతుంది, ఎవరికైనా జరిగేదే. దిగి డబ్బా నిలబెట్టాను. ఆర్లిస్ ఒళ్లో చేతులు బిగించి పట్టుకుని కూర్చుంది, అంతే. ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

పద్నాలుగో నంబరు దొరికింది. ఆ చోటుకి కుడి పక్క పెద్ద రాయి. అందుకే నా నియమం: స్టీరింగున్న ఎడమ పక్క నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటాను, నాకు కళ్లు కావాల్సింది కుడి పక్క. కాబట్టి వెనక నిలబడే మనిషి కుడి పక్క నిలబడాలి. అద్దంలో నీ మొహం నాకు కనబడకపోతే బండి ఆపేస్తాను. ఇంతకంటే సులువైన సంగతి ఇంకొకటి లేదు.

ఆర్లిస్ మళ్లీ ఎడమ పక్కే నిలబడింది. పోయిన వేసవి నుంచీ ఇదే వరస.

"కుడి పక్క కదా నిలబడాల్సింది?"

"ఎండ కళ్లలో పడుతోంది."

"నిన్న మొన్నటిదాకా పడని ఎండ ఇప్పుడు పడుతోందా?"

"నువ్వు నన్ను చూసి రా. రాయి సంగతి నేను చూస్తాను."

ఆవిడ మెడ చాపి రాయినీ ట్రైలర్‌నీ చూస్తూ చేతులు ఊపింది. ఒక్క గీత పడకుండా లోపలికి పెట్టాను. కొక్కెం విప్పే ముందు పక్కకి మట్టం చూసి చెక్కలు పెట్టాను, విప్పాక ముందుకీ వెనక్కీ. డాక్టరు ఇది చూసి ఉండాల్సింది.

బండి నడిపింది: నేను. వెనక నిలబడింది: ఆర్లిస్. ఎడమ పక్క.

జూన్ 6

వంద మైళ్ల పైన లాగాను. ఒక్క చెత్తడబ్బా. కళ్లు బాగానే ఉన్నాయి.

జూన్ 7

చేపలు రెండు. ఆర్లిస్ మొక్కజొన్న పిండిలో ముంచి వేయించింది. కాఫీ కప్పు నాకు ఎడమ చేతి పక్క పెట్టింది. నేను కుడి చేత్తో తాగే మనిషినని నలభై నాలుగేళ్లకీ గుర్తుండకపోతే ఎలా?

ఎండ, గాలి లేదు. నీళ్ల మీద ఒక్క మడత లేదు. ఇలాంటి రోజున మనిషికి ఇంకేం కావాలి.

జూన్ 9, శనివారం

రాయాలి. చెయ్యి రావడం లేదు గానీ రాయాలి.

పొద్దున్నే పద్నాలుగులో నీళ్ల గొట్టం పగిలింది. క్యాంపు చూసుకునే నోరీన్ వచ్చి, "పెద్దాయనా, ఇది బాగయ్యేసరికి రెండ్రోజులు పడుతుంది. పందొమ్మిదికి మారండి, మంచి నీడ" అంది. ఆర్లిస్ బట్టలు ఉతకడానికి ఆఫీసు వెనక గదికి వెళ్లింది. ఆవిడ వచ్చేలోపల ముగిద్దామని కొక్కెం తగిలించాను. నోరీన్ వెనక నిలబడతానంది.

"ఎక్కడ నిలబడమంటారు?"

"కుడి పక్క. అద్దంలో నీ మొహం కనబడకపోతే ఆపేస్తాను."

నా నోటితోనే చెప్పాను.

వెనక్కి వస్తున్నాను. ఎడమ పక్క చూసుకుంటున్నాను, బాగుంది. కుడి అద్దంలో చెట్లు కనబడ్డాయి, నీడ కనబడింది. నోరీన్ కనబడలేదు. కనబడలేదని నాకు అనిపించనూ లేదు. అదే చెప్పలేకపోతున్నాను. మసకగా ఉంటే మసక అని తెలుస్తుంది. ఇక్కడ ఏమీ లేదు, లేనిది లేదని కూడా తెలియలేదు. ఏదో నలిగిన చప్పుడు. ఆ తర్వాతే నోరీన్ అరుపు వినబడింది. అంతకుముందు కూడా అరిచిందట.

దిగి చూస్తే చక్రం కింద చిన్నపిల్ల సైకిల్. గులాబీ రంగుది, పిడికి కుచ్చులున్నది. ఆ పిల్ల పక్క బండి మెట్టు మీద కూర్చుని రొట్టె తింటోంది. సైకిల్ కేసి చూసి, నా కేసి చూసి, నములుతూనే ఏడుపు మొదలుపెట్టింది. ట్రైలర్ పట్టుకుని నిలబడ్డాను.

"రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఊపాను కదా పెద్దాయనా, చూళ్లేదా?" అంది నోరీన్.

"ఎండ కళ్లలో పడింది."

నీడలో నిలబడి చెప్పాను ఆ మాట.

ఆర్లిస్ బట్టల బుట్టతో పరుగెత్తుకొచ్చింది. మొదట పిల్లని చూసింది, తర్వాత నన్ను, ఆ తర్వాత నోరీన్‌ని.

"నువ్వు కుడి పక్క నిలబడ్డావా? అయ్యో, చెప్పి వెళ్లాల్సింది నేను. ఈయనకి ఎడమ పక్క నిలబడాలమ్మా, కుడి పక్క..."

అక్కడ ఆగిపోయింది. నా వైపు చూడలేదు. బుట్ట కిందపెట్టి, సైకిల్ చక్రం కిందనుంచి లాగడం మొదలుపెట్టింది.

ట్రక్కుని ఆ పిల్ల తండ్రి పందొమ్మిదిలో పెట్టాడు. సైకిల్ కొనిస్తానంటే, పోనివ్వండి, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. మంచివాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 10

ఆవిడకి తెలుసు. ఏడాదిగా ఎడమ పక్క నిలబడుతోంది.

జూన్ 11, సోమవారం

పొద్దున కాఫీ పెట్టుకున్నాక నేనే మొదలుపెట్టాను. కప్పు ఎడమ పక్కే పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయినేడు జూలై. కంచంలో కుడి పక్క బీన్సు వదిలేసి, ఇంకా లేవా అని అడిగావు. రెండుసార్లు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే వింటావా నువ్వు? ఏప్రిల్లో డాక్టరు దగ్గరికి నువ్వే వెళ్లావు, నేను మొక్కుకున్నంత పని చేశాను. తీరా వచ్చి బాగానే ఉందన్నావు. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి బతికిపోయాను, నా కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో నీకు తెలీలేదు."

డాక్టరు అన్నది మొత్తం చెప్పాను. కారు కూడా వద్దన్నాడని చెప్పినప్పుడు ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"వద్దన్నాక నూట ఇరవై మైళ్లు లాక్కొచ్చావు. నేను పక్కన కూర్చుని ఉండగా."

"నీకూ తెలుసు కదా. నువ్వు ఎందుకు ఎక్కావు?"

"చూపు తగ్గిందనుకున్నాను. డాక్టరు వద్దన్నాడని నాకు తెలీదు కదా ముసలోడా. నువ్వు ఆ మాట దాచావు." మళ్లీ తనే అంది, "నాదీ తప్పే. నువ్వే చెప్తావని చూస్తూ కూర్చున్నాను. ఆ సైకిల్ మీద పిల్ల ఉండుంటే?"

నాకు సిగ్గేసింది. భయం కూడా. రెండూ రాసుకోవాలి, ఒకటే రాస్తే అబద్ధమవుతుంది.

"ఇంటికెళ్లాక అమ్మేద్దాం. ఆ పిల్ల తండ్రినే అడిగితే ఇంటిదాకా తెచ్చిపెడతాడేమో" అన్నాను.

"ఎవరూ తెచ్చిపెట్టక్కర్లేదు. నేను లాగుతాను."

"నువ్వా?"

"సీటు ఎవరు జరిపారనుకున్నావు? దయ్యాలా?"

అప్పుడు చెప్పింది. ఏప్రిల్ చివరి నుంచి ప్రతి బుధవారం, నేను కాఫీకి వెళ్లడం, ఆవిడ ట్రైలర్ తగిలించుకుని సంత మైదానానికి వెళ్లడం. ఖాళీ పెయింటు డబ్బాలు నిలబెట్టుకుని, వాటి మధ్యకి పెట్టి తీసి, పెట్టి తీసి, పన్నెండింటిలోపల ఇల్లు చేరి, ఉన్నచోటే నిలబెట్టేదట. ఒంటరిగా. పెట్టే ముందు దిగి చూడటం, సగంలో దిగి చూడటం, అనుమానం వస్తే మళ్లీ దిగి చూడటం.

"ఎన్నిసార్లు దిగేదానివి?"

"పదిసార్లు. అరిచేవాడు లేడు కదా, ఎన్నిసార్లైనా దిగొచ్చు."

"దీపం?"

"మన షెడ్డు స్తంభమే. పాపం ఆ గ్రీజువాళ్లని నెల రోజులు తిట్టావు."

నవ్వు వచ్చింది ఇద్దరికీ. నాకు నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా అనాల్సిన మాట ఇప్పుడన్నాను.

"ఆర్లిస్, ఆ రోజు నేను అరవకుండా ఉండాల్సింది."

ఏ రోజని అడగలేదు.

"ఉండాల్సింది" అంది. లేచి, రెండో కప్పు పోసి, ఈసారి నా చేతికే ఇచ్చింది.

జూన్ 13

పొద్దున మళ్లీ చేపలకి వెళ్లాను. ఏమీ పడలేదు. నోరీన్ దారిలో ఆగి ఎలా ఉన్నారని అడిగింది. ఎండ కాదమ్మా, నాకు కుడి పక్క కనబడదు అన్నాను. పైకి అనడం అదే మొదటిసారి. ఆకాశమేం విరిగి పడలేదు.

జూన్ 15

ఆర్లిస్‌కి అన్నీ చెప్తున్నాను. దిగుడులో ముందే గేరు తగ్గించు, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చోకు. మురుగు తొట్టి మీట నిండేదాకా మూసే ఉంచు, తెరిచిపెడితే నీళ్లు పోయి గట్టిది మిగులుతుంది. బంకులో గ్యాసు ఫ్రిజ్ ఆర్పు. సగం ఆవిడకి ముందే తెలుసు. ఇరవై రెండేళ్లు పక్క సీట్లో కూర్చున్నది నిద్రపోవడానికి కాదంది. అయినా విన్నది. నేను చెప్పడం ఆపలేనని తెలిసి వింటోందేమో.

జూన్ 16, శనివారం

ఇంటికి వచ్చాం.

పొద్దున ట్రక్కు తాళాలు నా జేబులోంచి తీసి ఇచ్చాను. సీటు ముందుకు జరుపుకుంది. అద్దాలు వంచుకుంది. నేను రెండో పక్క ఎక్కాను. ఈ పక్కనుంచి రోడ్డు చూడటం నాకు కొత్త. మొదటి ఇరవై మైళ్లు నా కుడి కాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. ఆర్లిస్ చూసి, "నేలకి చిల్లు పడుతుంది, మెల్లగా" అంది. ఆ తర్వాత ఆవిడ నడపడం చూశాను. నాకంటే నెమ్మది. మలుపు దగ్గర బండిని వెడల్పుగా తీసుకెళ్లి, ట్రైలర్ వెనక చక్రం తిరిగేదాకా అద్దంలోంచి కళ్లు తీయలేదు. ఆ బంకులో చెత్తడబ్బా నిలబడే ఉంది.

ఇంటి దగ్గర అసలు కష్టం. ఒక పక్క షెడ్డు స్తంభం, ఇంకో పక్క కంచె. నేను దిగి వెనక్కి వెళ్లాను. అలవాటు లేని పని. ఏం చెయ్యాలో తోచక ఎడమ పక్క నిలబడ్డాను, ఆవిడ నాకోసం నిలబడినట్టే.

కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అక్కడేం చేస్తున్నావు? కుడి పక్కకి పో."

"ఎడమైతే సులువు కదా..."

"ఎడమ నేను చూసుకోగలను. నాకు కళ్లు కావాల్సింది కుడి పక్క. నీ నియమమే కదా ముసలోడా. అద్దంలో నీ మొహం కనబడకపోతే ఆపేస్తాను."

వెళ్లి కుడి పక్క నిలబడ్డాను. షెడ్డు స్తంభం నాకు కుడి చేతి పక్క పడింది, అంటే లేనట్టే. తల తిప్పాను. స్తంభం కనబడింది. మళ్లీ తల తిప్పాను. అద్దంలో ఆర్లిస్ మొహం కనబడింది, చిన్నగా, నన్నే చూస్తూ. చెయ్యి ఊపాను. స్తంభం, ఆర్లిస్. స్తంభం, ఆర్లిస్. ఆపకుండా తల తిప్పుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. మధ్యలో ఆవిడ రెండుసార్లు దిగి చూసుకుంది. నేను గొంతెత్తలేదు.

రెండు చేతులూ అడ్డంగా పెట్టాను. అప్పటికప్పుడు ఆగింది.

అడ్డు చెక్కలు పెట్టాను. మెడ నొప్పిగా ఉంది. సెప్టెంబర్లో డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్తాం. వచ్చే జూన్‌కి పద్నాలుగో నంబరు ఆర్లిస్ పేరు మీద రాయించమని నోరీన్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను.

నూట ఇరవై నాలుగు మైళ్లు. పొడి రోడ్డు. పక్కగాలి కొంచెం. టైర్లు బాగున్నాయి.

బండి నడిపింది: ఆర్లిస్.

వెనక నిలబడింది: నేను. కుడి పక్క.